లాజరన్నవాళ్ల ఆల్బర్టు

ఆ శనివారం పొద్దున లాజరు ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఈరోజు ఎట్లాగైనా సరే, ఒక్క మనిషి చేతనైనా ఒక పుస్తకం పట్టించాలి. నిర్ణయం గొప్పదేమీ కాదు, ఆయన ఉద్యోగమే అది. కడప మిషన్ కాంపౌండులో, గుడికి పడమటివైపు, నల్లబండలు పరిచిన వసారా ఒకటుంది. దానికి చదువుల గది అని పేరు. పొద్దున్నే తలుపు తెరిచి, బీరువా తుడిచి, బల్ల సర్ది, వచ్చేవాళ్ల కోసం కూర్చోవడం, సాయంత్రం ఎవరూ రాలేదని తలుపు మూయడం లాజరు పని.

రావడానికి కొందరు వచ్చేవాళ్లు. కడప ఎండ సంగతి తెలిసిందే కదా. నల్లబండల మీద కాసేపు నడుం వాల్చి, కుండలో నీళ్లు తాగి పోయేవాళ్లు. బీరువా వంక చూసిన పాపాన ఎవరూ పోలేదు. అందులో లాజరుకు ప్రాణమైనవి ఐదు పుస్తకాలున్నాయి. రోడ్ల ఇంజనీరు దొర ఒకాయన ఇంగ్లండు సీమకు వెళ్లిపోతూ తన సామాను వేలం వేశాడు. కుర్చీలు పోయాయి, దీపాలు పోయాయి, ముసలి కుక్క కూడా పోయింది. ఈ ఐదింటినీ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దొర విసిగిపోయి వాటిని చదువుల గదికి దానం చేసి పుణ్యం కట్టుకున్నాడు. ఐదూ మోటారు పందేల పుస్తకాలే.

లాజరు జన్మలో మోటారు కారు ఎక్కలేదు. అప్పటికి కడపకు బస్సు వచ్చి నాలుగైదేళ్లే అయింది. కానీ ఆ పుస్తకాలు ఆయన చేతికి వచ్చింది భార్య కృపమణి పోయిన ఏడాది. పిల్లలు లేరు. సొంతూరు నంద్యాల పక్క, అక్కడా తనవాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. ఒక్కడికి సరిపడా సంగటి కెలకడం ఆయనకు ఈనాటికీ చేతకాలేదు. రోజూ రెండు ముద్దలవుతుంది. రెండోదాన్ని చూస్తూ మొదటిది తింటాడు. అట్లాంటి ఇంట్లోకి ఆ పందేల మనుషులు దుమ్ము లేపుకుంటూ వచ్చారు. లాజరుకు వాళ్లంటే ప్రేమ పుట్టింది. చెప్పుకుందామంటే వినేవాళ్లు లేరు. మూగవాడు కన్న కలలాగా అదంతా ఆయనలోనే ఉండిపోయింది.

ఆ శనివారం దొరికినవాడు పీర్ బాషా, కడప నుంచి ఒంటిమిట్టకు బస్సు నడిపేవాడు. ఇంజను చల్లారేదాకా వసారాలో మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకోవడం అతని అలవాటు. లాజరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"బాషా, నువ్వు బండి తోలేటోనివి. నీకు పనికొచ్చే పుస్తకాలు నాకాడ ఐదుండాయి."

"నాకు సదువు రాదు గదన్నా," అన్నాడు పీర్ బాషా తువ్వాలు కిందనుంచి.

"నేను చెప్తాలే. ఈ నీలం అట్టది కొండల్లో పందెం. వయసులో ఉండేటోళ్లకు ఇదే ఇయ్యాల. ఈ పచ్చది ఒక ఆడమనిషి రాసింది, మొగోళ్లను ఎనకేసి తోలినాదంట. ఈ చిన్నది టైర్లు మార్చేటోని కత, శానా నవ్వొస్తాది. ఈ లావుపాటి దాంట్లో మనుషులే లేరు, ఒట్టి ఇంజన్లు. ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటరు ఒకటి పందెం పందేనికీ మొండికేస్తాంటాది. ఇది ఓపికుండేటోళ్లకు. అన్నిటికంటే నాకు ఇష్టమైంది మాత్రం ఈ ఎర్రట్టది. ఆల్బర్టు అనేటోని కత."

తువ్వాలు కింద గురక మొదలైంది. లాజరు గమనించలేదు. ఏళ్ల తరబడి దాచుకున్న మాటలు, ఆగుతాయా? ఆల్బర్టు పుట్టుక చెప్పాడు, మొదటి పందెం చెప్పాడు, వానలో జరిగిన రెండో పందెం చెప్పాడు. వంపు దగ్గరికి వచ్చేసరికి ఆవేశం ఆపుకోలేక బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. పీర్ బాషా ఉలిక్కిపడి లేచాడు.

"బండి పల్టీలు కొట్టింది. ఆల్బర్టు కాలు నుజ్జునుజ్జయిపోయింది. ఆస్పత్రిలో కాలు తీసేయాలంటాండారు," అంటూ లాజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆల్బర్టు పుస్తకంలోని మనిషన్న సంగతి పీర్ బాషా వినలేదు. అతను విన్నది బండి పల్టీ, కాలు, అంతే. చూసింది లాజరన్న కన్నీళ్లు.

"యా అల్లా. వయసెంతన్నా?"

"ఇరవయ్యారు."

"పెండ్లయిందా?"

"యాడ? ఆ బండే వాని పెండ్లాం."

బయట కండక్టరు హారను మోగించాడు. పీర్ బాషా తువ్వాలు భుజాన వేసుకుని, లాజరు చెయ్యి పట్టుకుని, "నువ్వు దైర్నంగా ఉండన్నా," అని పోయాడు. పుస్తకం ఒక మనిషిని ఇంతగా కదిలిస్తుందని లాజరు అనుకోలేదు. ఆ మధ్యాహ్నం రెండో ముద్ద కూడా తినేశాడు.

బస్సులో డ్రైవరు వెనకాల కూర్చున్నది రాహేలమ్మ. ఆమె సంఘంలో స్త్రీల కూడికకు పెద్ద. ఎవరింట్లో కష్టమొచ్చినా ఆమెకు తెలియకుండా పోదు. పీర్ బాషా కళ్లు తుడుచుకుంటూ, "పాపం, లాజరన్నవాళ్ల ఆల్బర్టుకు కాలు తీసేస్తారంట," అన్నాడు. కాంపౌండులో అప్పటికే ఆల్బర్టులు ఇద్దరున్నారు. ఒకడు హార్మోనియం వాయిస్తాడు, ఒకడు రైల్వేలో పని చేస్తాడు. కనుక మూడో ఆల్బర్టు ఉండటం వింతగా ఎవరికీ తోచలేదు. పైగా వాళ్లలో ఒక మర్యాద ఉంది. కష్టంలో ఉన్నవాణ్ని ఏం జరిగిందని అడక్కూడదు, పక్కవాళ్లను అడిగి తెలుసుకోవాలి. బస్సు ఒంటిమిట్ట చేరేసరికి ఆల్బర్టు లాజరుకు తమ్ముడి కొడుకయ్యాడు. తిరిగి కడపకొచ్చేసరికి ఆ తమ్ముడు కోలారు బంగారు గనుల్లో పని చేస్తున్నాడు.

ఆదివారం గుడిలో పాస్టరు ప్రకాశం అయ్యగారు ప్రార్థన మనవులు చదివారు. "మన సహోదరుడు లాజరు గారి తమ్ముని కుమారుడు ఆల్బర్టు, కోలారులో మోటారు బోల్తాపడి కాలు పోగొట్టుకునే స్థితిలో ఉన్నాడు." వెనక బెంచీలో కూర్చున్న లాజరు అదిరిపడి లేచి నిలబడ్డాడు. దుఃఖం పట్టలేక లేచాడనుకుని సంఘమంతా మోకాళ్లూనింది. సంఘపెద్ద లేవి వచ్చి ఆయన్ని కూర్చోబెట్టి, భుజం మీద చెయ్యి వేసి, ప్రార్థన అయ్యేదాకా తీయలేదు.

"అయ్యా, నేనొక మాట చెప్పాల..." అన్నాడు లాజరు.

"ఏం చెప్పొద్దప్పా. మాకంతా తెలుసు," అన్నాడు లేవి.

కృపమణి పోయిన తర్వాత లాజరు భుజం మీద మనిషి చెయ్యి పడటం అదే మొదలు. రేపు చెబుదామనుకున్నాడు.

సోమవారం చదువుల గది నిండిపోయింది. అడిగినవాళ్లకు లాజరు ఒక్క అబద్ధం కూడా ఆడలేదని ఇక్కడ చెప్పుకోవాలి. పుస్తకంలో ఏముందో అదే చెప్పాడు.

"ఆల్బర్టుకు ఎట్లుండాదన్నా?" అంది రాహేలమ్మ.

"కాలు తీయలేదమ్మా. నిలబడింది."

"దేవునికి స్తోత్రం. పుత్తూరు కట్టు కట్టించినారా?"

"ఏం కట్టు కట్టినారో రాయలేదమ్మా."

ఉత్తరంలో రాయలేదు కాబోలని అందరూ అనుకున్నారు. ఆ వారమంతా ఒకరు అన్నంలోకి ఊరిబిండి తెచ్చారు, ఒకరు బొరుగుల ఉగ్గాని తెచ్చారు, పీర్ బాషా దర్గాలో మొక్కుకుని చక్కెర తెచ్చాడు. లాజరుకు సంగటి కెలికే పనే లేకపోయింది. నెలలు గడిచి ఆల్బర్టు కర్రల మీద నడిచిన రోజు అందరూ పాట పాడారు. ఆల్బర్టు మళ్లీ పందెం బండి ఎక్కిన రోజు మాత్రం లేవి మండిపడ్డాడు.

"పెద్దోనివి నువ్వుండి ఏం లాభమప్పా? వద్దురా అని ఒక మాట చెప్పొద్దా?"

"నా మాట వాడు యాడ వింటాడయ్యా," అన్నాడు లాజరు, నిజాయితీగానే.

పొద్దున తలుపు తీస్తూ ఈరోజు చెప్పేయాలనుకునేవాడు. సాయంత్రం తలుపు మూస్తూ రేపు చెబుదామనుకునేవాడు. కథను కూడా కొంచెం కొంచెంగా వదిలాడు. చివరి ప్రకరణంలో ఏముందో ఆయనకు తెలుసు. ఆఖరి పందెంలో, ఆఖరి వంపులో ఆల్బర్టు చచ్చిపోతాడు. అది అయిపోతే వీళ్లు రారు. అందుకని ఆ పుటల జోలికి పోలేదు.

ఇంతలో రాహేలమ్మ ఇంకో మాటతో వచ్చింది.

"బాగు చేసిన దేవునికి సాక్ష్యం చెప్పాల గదన్నా. వచ్చే ఆదివారం కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాండాం. ఆల్బర్టును పిల్చుకోనిరా. మా చెల్లెలి కూతురు జమ్మలమడుగులో ఉండాది, టీచరు ట్రైనింగయింది. ఆ పిల్లోని బండి పిచ్చికి పెండ్లే మందు."

లాజరు గబుక్కున అడ్డుపడ్డాడు. "వాడు రాలేడమ్మా."

"కాలు బాగయింది గదా?"

"అయింది."

"బండి గూడా తోలుతాండాడు గదా?"

"తోలుతాండాడు."

"మల్ల రావడానికేం రోగం?"

లాజరు బీరువా తుడవడం మొదలుపెట్టాడు. ఆదివారం రానే వచ్చింది. జమ్మలమడుగు నుంచి పెండ్లిపిల్ల వచ్చింది, ఆమె అమ్మానాన్నలు వచ్చారు. చదువుల గది వెనక పొయ్యి మీద పెద్ద గుండిగ ఎక్కింది. లాజరు బీరువా చాటున నిలబడి ఎర్రట్ట పుస్తకం చివరి ప్రకరణం తెరిచాడు. ఉన్నదే చెబుతున్నాను కదా అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. బయటికి వచ్చి, "ఆల్బర్టు పోయినాడు. కడాకు పందెంలో, కడాకు వంపుకాడ," అన్నాడు.

కృతజ్ఞత కూడిక, చావింటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడికగా మారిపోయింది. వంట అదే, పాటలు మాత్రం మార్చారు. పెండ్లిపిల్ల పట్టుచీర మార్చుకుని వచ్చి కూర్చుంది. ఒక్కొక్కరే లేచి ఆల్బర్టు గురించి నాలుగు మాటలు చెప్పారు. లేవి అయితే, "పసిబిడ్డప్పుడు ఈ భుజం మీదనే ఎత్తుకుంటి," అని భుజం చూపించాడు. పీర్ బాషా గుమ్మం దగ్గరే నిలబడి, "వంపుకాడ బండి మన మాట వినకపోతే ఎట్లుంటాదో నాకు తెలుసు. ఆ పిల్లోడు నా తమ్ముడే," అన్నాడు.

లాజరు భోరున ఏడ్చాడు. ఆల్బర్టు కోసం కొంత, తక్కినదంతా కృపమణి కోసం. ఆమె పోయింది కలరా ఏడాది. అప్పుడు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఆమెకు ఆదరణ కూడిక జరగనే లేదు. ఇన్నేళ్లకు తన ఇంటి చావుకు నలుగురు కూర్చున్నట్టు ఆయనకు అనిపించింది.

ఆయన ఏడుపు చూసి రాహేలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "రేపు పొద్దున్నే కోలారుకు పోదాం. నీ తమ్ముడు ఆడ ఒక్కడే ఏడుస్తాంటాడు. ఒక్కడే ఏడ్చేది ఎంత కష్టం. బాషాతో బస్సు మాట్లాడినా, అందరమూ వస్తాం."

అందరూ తలలూపారు. లాజరు ఏడుపు ఆగిపోయింది. వీళ్లు అన్నంత పనీ చేస్తారు. ఎవరూ లేని ఇంటిని వెతుక్కుంటూ కోలారు వీధులన్నీ తిరుగుతారు.

"నాకు తమ్ముడు లేడు," అన్నాడు.

లాజరు ఎర్రట్ట పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఆల్బర్టు ఈ పుస్తకంలో ఉండే మనిషి. ఇంగ్లీషోడు. నేను చెప్పిందంతా దీంట్లోదే. శానా మంచి పుస్తకం. ఇట్లాంటివి ఇంకా నాలుగుండాయి," అని అలవాటు కొద్దీ అనేశాడు.

లేవి మెల్లగా భుజం దులుపుకున్నాడు.

"మల్ల మాకెందుకు చెప్పలేదు?" అంది రాహేలమ్మ.

"మీరు వస్తాంటిరి," అన్నాడు లాజరు. "కృపమణి పోయినకాడి నుంచి నన్ను ఎట్లుండావని అడిగినోళ్లు లేరు. ఆల్బర్టు ఎట్లుండాడని అడిగినా నాకు చాలనిపించింది."

ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. గుండిగలో అన్నం సగానికి సగం మిగిలింది. సోమవారం చదువుల గదికి ఎవరూ రాలేదు. మంగళవారమూ రాలేదు. పీర్ బాషా బస్సును ఎండలోనే నిలబెట్టుకుని అందులోనే పడుకున్నాడు. లాజరు మళ్లీ సంగటి కెలికాడు. మళ్లీ రెండు ముద్దలయింది. ఎర్రట్ట పుస్తకం తెరిస్తే ఆల్బర్టు కూడా మునుపటిలా మాట్లాడలేదు.

వారం గడవబోతుండగా రాహేలమ్మ వచ్చింది. లోపలికి రాలేదు. గడప బయటే, మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది.

"నా కోపమేం పోలేదు."

"తెలుసమ్మా."

"ఆ పిల్లోని కోసం మోకాళ్లు వాచేటట్ల ప్రార్థన చేసినా. వాడు లేనే లేడంటే నాకెట్లుంటాది?"

"తప్పేనమ్మా."

ఆమె వెనక్కి తిరిగి ఒక అడుగు వేసి ఆగింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ కడాకు వంపుకాడ, వాడు బ్రేకు తొక్కినాడా లేదా?" అని అడిగింది.

లాజరు ఆమె వంక చూశాడు. "తొక్కినాడమ్మా. ముందర ఒగడు దోవకు అడ్డం పడిపోయి ఉండాడు. వాణ్ని తప్పించబోయి బండి పక్కకు తిప్పేసినాడు."

రాహేలమ్మ గడప దాటి వచ్చి బెంచీ మీద కూలబడింది. "నేననుకుంటానే ఉండా. మంచి పిల్లోడు," అంటూ కళ్లు తుడుచుకుంది. గోడ పక్కనుంచి పీర్ బాషా తల పెట్టి, "అట్లాంటప్పుడు ఎవురైనా అదే చేస్తారన్నా," అన్నాడు. అతని వెనకాల లేవి, నీళ్లు తాగడానికి వచ్చానని ఎవరూ అడక్కపోయినా చెప్పి, నీళ్లు తాగకుండానే కూర్చున్నాడు.

"ఇంకా నాలుగుండాయంటివే," అంది రాహేలమ్మ. "వాటిల్లో ఎవురూ సావనిది చూసి తియ్. నా మోకాళ్లు ఇంగ ఓర్సుకోలేవు."

లాజరు బీరువా ముందు చాలాసేపు ఆలోచించి, మనుషులే లేని లావుపాటి పుస్తకం తీశాడు.

ఆ ఆదివారం ప్రకాశం అయ్యగారు చదివిన ప్రార్థన మనవులు మూడు: జీవమ్మకు చలిజ్వరం, లేవి గారి ఎనుముకు దూడను ఈనడం కష్టం, లాజరన్నవాళ్ల కార్బురేటరు.