నాలుగు వికెట్ల తేడాతో బేస్‌బాల్ కప్పు

రాష్ట్ర బేస్‌బాల్ ఛాంపియన్లుగా నిలిచిన గుమ్మలపాడు అమ్మాయిలు, మంత్రిగారి అభినందన ప్రసంగంతో సరిపోయేలా ఫైనల్‌ను మళ్లీ ఆడాలని మంగళవారం ఉత్తర్వు వచ్చింది. అలాంటి ఉత్తర్వులు ఏడాదికి రెండు మూడు వస్తూనే ఉంటాయి కనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు.

సన్మాన సభలో మంత్రిగారు, "మన ఆడపిల్లలు పెనాల్టీ కార్నర్‌లో సిక్సర్ కొట్టి, ప్రత్యర్థి రాజుకు చెక్ పెట్టి, నాలుగు వికెట్ల తేడాతో గెలిచారు" అన్నారు. ఆ మాటలు సభ మినిట్స్‌లోకి ఎక్కాయి. అంపైర్ నివేదికలో మాత్రం వికెట్లు లేవు, రాజు లేడు. రెండు కాగితాలకు పొంతన కుదరనప్పుడు చిన్న సంతకం ఉన్నదాన్ని సవరించాలని నియమం. అంపైర్‌ది చిన్న సంతకం.

"పదిహేను రోజుల్లో ఆడకపోతే కప్పు వెనక్కిచ్చీయాలమ్మా" అని క్రీడల ఆఫీసు సూపరింటెండెంట్ వరహాలమ్మ కెప్టెన్ సుశీలను పిలిచి చెప్పింది.

"బేస్‌బాల్‌లో వికెట్లుండవు మేడమ్."

"నాకు తెల్సు. కాయితానికి తెలీదు కదా."

సుశీల దిగులు కప్పు గురించి కాదు. ఫైనల్ చివరి బంతిని ఆమె కంచె దాటించింది. ఆ దెబ్బ అదురు రెండు రోజుల పాటు మణికట్టులో ఉండిపోయింది. ఇకపై ఆ దెబ్బ ఏ కాగితంలోనూ ఉండదు.

ఓడిన కర్నూలు జట్టు మళ్లీ ఓడడానికి సొంత ఖర్చులతో రైలెక్కి వచ్చింది. మైదానంలో నాలుగు వికెట్లు పాతారు, హాకీ గోల్ నిలబెట్టారు, మధ్యలో చదరంగం బల్ల వేశారు. మొదటిసారి అరవైమంది చూసిన ఆటకు ఈసారి ఊరంతా వచ్చింది.

బల్లకు ఇటు సుశీల, అటు కర్నూలు కెప్టెన్ మహబున్నీసా కూర్చున్నారు.

"నాకు చదరంగం రాదబ్బా" అంది మహబున్నీసా.

"నాకూ రాదు. ఇందులో రాజెవుడు?"

"కిరీటం ఉండేటోడు అనుకుంటా. పెట్టెయ్ చెక్కు."

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. వరహాలమ్మ చెక్ పడినట్టు నమోదు చేసింది. తర్వాత గుమ్మలపాడు పిల్లలు నాలుగు వికెట్లనూ బంతితో ఎగరగొట్టారు. చివరికి సుశీల గోల్ పక్క మూలన బ్యాటెత్తి నిలబడింది. మహబున్నీసా బంతి విసిరింది, తేలిగ్గా కాదు, ఉన్న బలమంతా పెట్టి. బంతి కంచె మీదుగా, రోడ్డు మీదుగా, ఆర్టీసీ గ్యారేజీ రేకుల మీద పడింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది కర్నూలు అమ్మాయిలే. రెండు జట్లూ సుశీలను భుజాలమీద మోశాయి. ఫలితం ప్రసంగంతో సరిపోయిందని వరహాలమ్మ ధ్రువీకరించింది.

ఇంటి దగ్గర సుశీల తల్లి కప్పులోనే పాయసం పోసి అందరికీ పంచింది.

"ఇంతకీ ఏ ఆట గెలిసినట్టే?" అని అడిగింది.

"రెండోదేనమ్మా. దానికి కాయితం ఉంది."

"మరి మొదటిది?"

"అది ఉత్తినే గెలిచాం."

తల్లి తలూపింది. ఆధార్ కార్డు ప్రకారం ఆమె కూతురికంటే ఆరేళ్లే పెద్ద.