గొంతు పోయిన జడ్జి గారి సిఫారసు

ఆ మంగళవారం ఉదయం క్లెమెంట్ చేయాల్సిన పని ఒక్కటే. తొమ్మిదిన్నరకు జడ్జి టోలెఫ్సన్ గారి గది తలుపు మూసుకోగానే బయట బుద్ధిగా కూర్చోవాలి. సెయింట్ పాల్ అప్పీలు కోర్టులో ఆ తలుపు మూసుకుందంటే ఆయన వాషింగ్టన్‌కు ఫోన్ చేస్తున్నారన్నమాటే. తీర్పులు రాయడంలో ఆయనకు సాయపడే కుర్ర లాయర్లు, అంటే లా క్లర్కులు, పన్నెండేళ్లలో పందొమ్మిది మంది ఆ ఫోనుతోనే సుప్రీంకోర్టు జడ్జీల దగ్గర కొలువుకు మెట్లెక్కారు. దేశంలో ఎందరు జడ్జీలున్నా అక్కడ మాట చెల్లేది ఏ పదిమందికో. క్యాంటీన్లో ఆయన సూప్ తాగుతుంటే కుర్ర లాయర్లు గుటకలు మింగుతూ చూసేవారు. ఏడాదిగా ఆయన దగ్గరే పనిచేస్తున్న క్లెమెంట్‌కు కూడా ఆ అబ్బురం తీరలేదు. ఈసారి పేరు అతనిదే.

తొమ్మిదింబావుకు జడ్జి గారు నోరు తెరిచారు. గాలి వచ్చింది, మాట రాలేదు. సెక్రటరీ మిసెస్ ఓడెగార్డ్ వేడినీళ్లలో తేనె, నిమ్మరసం కలిపి ఇచ్చింది. నాలుక కూడా కాలింది.

"మధ్యాహ్నానికల్లా సుప్రీంకోర్టులో జస్టిస్ బ్రెక్ గారు తన క్లర్కుల్లో ఆఖరి పేరు ఖాయం చేసేస్తారట. నాకేమో పళ్ల డాక్టరు దగ్గర టైముంది. నువ్వే మాట్లాడు నాయనా," అందావిడ.

"నా గురించి నేనా?"

జడ్జి గారు పసుపు కాగితాల పుస్తకం లాక్కుని గీకారు: 'నేను రాస్తా. నువ్వు చదువు.'

స్పీకర్లో జస్టిస్ బ్రెక్ గొంతు వినగానే క్లెమెంట్ తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. అంతవరకు ఆవిడను తీర్పుల్లో చదవడమే తప్ప వినలేదు. తడబడుతూ సంగతి చెప్పాడు.

"సరే, ఏం రాశాడో చదువు," అందావిడ.

'ఇంత చురుకైనవాణ్ణి పన్నెండేళ్లలో చూడలేదు' అని ఉంది. జడ్జి గారి చిత్తుప్రతిలో ఆధారం లేని మాటల్ని కొట్టేయడమే ఆ ఆఫీసులో క్లర్కు ఉద్యోగం. చేతికి పట్టిన అలవాటు నోటికీ పట్టింది.

"పని పర్వాలేదంటున్నారు మేడమ్."

జడ్జి గారు బల్ల గుద్దారు.

"ఏమిటా చప్పుడు?"

"జడ్జి గారు ఏకీభవించడం లేదు మేడమ్."

'నా తప్పు నా మొహానే చెప్పగల ధైర్యవంతుడు' అని రాశారాయన.

"కామాలు సరిచూస్తాడంటున్నారు."

ఈసారి గుద్దుకు కాఫీ కప్పు దొర్లి కిందపడింది. జడ్జి గారు పేజీ నిండా రాశారు: 'అబద్ధాలకోరు! ఉన్నదున్నట్టు చదువు!'

ఆజ్ఞ ఆజ్ఞే. "జడ్జి గారు నన్ను అబద్ధాలకోరంటున్నారు మేడమ్."

జడ్జి గారు తల పట్టుకున్నారు. తన బతుకు అంతటితో తెల్లారిందనుకున్నాడు క్లెమెంట్.

"మొదటి వాక్యం అసలేముందో చదువు," అంది జస్టిస్.

కాగితం వెనక్కి తిప్పి ఉన్నదున్నట్టు చదివాడు.

"మరెందుకు మార్చావు?"

"ఆధారం చూపలేదు మేడమ్."

"మరి అబద్ధాలకోరన్న మాట మార్చలేదేం?"

"దానికి ఆధారం ఉంది మేడమ్."

స్పీకర్ అదిరేలా నవ్విందావిడ. "ఇరవయ్యేళ్లుగా ప్రతి జడ్జీ ప్రతివాడి గురించీ ఇంతటివాడు లేడనే చెబుతున్నాడు. కాదన్నవాణ్ణి నిన్నే చూశా. జూలైలో వచ్చెయ్. వస్తావా?"

ఫోన్ పెట్టేలోపు ఒప్పుకోవాలి, అది అక్కడి ఆనవాయితీ. క్లెమెంట్ గొంతు కూడా పూడుకుపోయింది. జడ్జి గారు ఆదరాబాదరా రాసి కాగితం మొహం ముందు పెట్టారు.

"సరే అనమంటున్నారు మేడమ్," అన్నాడు క్లెమెంట్.

మరుసటి ఏడు కూడా సరిగ్గా ఫోన్ చేసే రోజునే జడ్జి గారికి గొంతు పోయింది.