భీమయ్య సార్ మాట్లాడతారు

“నా మొఖం నీకు ఎందుకు పనికొచ్చిందో జర చెప్పు బిడ్డా, అప్పుడు కూసుంట,” అని భీమయ్య మళ్లీ మొదటికి వచ్చాడు.

“మొఖం కాదు, మీసం పనికొచ్చింది,” అంటూ ఆయన భార్య బాలనాగమ్మ వంటింట్లోంచి అందుకుంది. “పెండ్లైనకాడికెల్లి చూస్తున్న, దానికి ఇన్నేండ్లకు ఒక కొలువు దొరికింది. కూసోరాదు.”

“చేన్ల క్రాసింగ్ ఉంది. ఆదివారమని పత్తి పూలు ఆగుతయా?”

“నువ్వు పోకుంటే కూడా పూస్తయి.”

గద్వాలలోని ఆ ఇంట్లో మామూలుగా అయితే ఆదివారం పొద్దున ఇంత గొడవ ఉండదు. భీమయ్య బండి మీద ధరూర్ దగ్గరి విత్తన పత్తి చేనుకు, పూలకు చేత్తో పుప్పొడి అద్దించే క్రాసింగ్ పనికి పోతాడు. కోడలు సింధూజ కంప్యూటర్ ముందు కూర్చుని చీర అంచు గీస్తుంది. కొడుకు లక్ష్మణ్ ఎరువుల దుకాణానికి సెలవు గనుక పడుకుంటాడు. ఆ రోజు కూడా అందరూ అదే అనుకున్నారు. కానీ ఇంకాసేపట్లో భీమయ్య మూడు జిల్లాల డిజైనర్ల ముందు ముఖ్య వక్తగా మాట్లాడవలసి ఉందని సింధూజ చాయ్ ఇస్తూ బయటపెట్టింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో కంప్యూటర్ మీద చీర అంచులు, పెళ్లి కార్డులు, దుకాణాల బోర్డులు గీసేవాళ్లంతా కలిసి ఫోన్లలో ఒక బృందం నడుపుకుంటున్నారు. ఎవరికి ఏ పని వచ్చినా అందులోంచే వస్తుంది. సింధూజ మొదట తన పేరుతోనే చేరింది. చేరిన రోజే ఒక అంచు పెట్టింది. అంచు గురించి తప్ప అన్నీ అడిగారు. ఏ గల్లీ అన్నారు, తిన్నారా అన్నారు, ఇది మీ ఆయన గీశాడా అన్నారు. ఒకాయన ప్రతి ఉదయం గులాబీ పువ్వు పంపాడు. ఇంకొకాయన, “బాగుంది సిస్టర్, కానీ ఈ కష్టాలు మీకెందుకు?” అని జాలి పడ్డాడు. ఆమె బయటికి వచ్చేసింది.

కొన్నాళ్లు ఊరుకుని, మామ పేరుతో, మామ ఫొటోతో మళ్లీ చేరింది. లక్ష్మణ్ పేరు పెడితే పనికిరాదు. స్కేలు ఇచ్చినా అతను తిన్నగా గీత గీయలేడని గద్వాలలో సగం మందికి తెలుసు. భీమయ్యకైతే బటన్ ఫోన్ తప్ప ఇంకోటి లేదు. ఆయన ఆ బృందంలోకి వచ్చి చూసే ప్రమాదం లేదు. ఈసారి సింధూజ అదే అంచును, ఒక్క గీత కూడా మార్చకుండా పెట్టింది. “అద్భుతం సార్!” అన్నారు. “మీ దగ్గర నేర్చుకోవాలి సార్,” అన్నారు. ఏ గల్లీ అని ఒక్కరూ అడగలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. బృందాన్ని నడిపే వనపర్తి సతీష్‌కు, మన బృందంలో ఆడవాళ్లు ఎందుకు లేరన్న దిగులు పట్టుకుంది. దాని మీద వీడియో సభ పెడతానన్నాడు. పోస్టర్ తయారైంది. అందులో వక్తలందరూ మగవాళ్లే. మధ్యలో పెద్దగా భీమయ్య.

సింధూజ కంగారుపడి, “చేన్ల పని ఉంది, రాలేను,” అని రాసింది. “ఎంత ఎదిగినా మట్టిని మరువని మనిషి,” అని అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారు. గొంతు పట్టేసిందని రాసింది. మిరియాల కషాయం నుంచి మొదలుపెట్టి రకరకాల వైద్యాలు వచ్చాయి. చివరికి సతీష్, “నలుగురం పండ్లు తీసుకొని గద్వాలకే వచ్చి మిమ్మల్ని చూస్తాం సార్,” అన్నాడు. ఇక ఒప్పుకోక తప్పలేదు.

దొరికిపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. దొంగ పేరుతో ఉన్నవాళ్లను తీసేయాలన్నది బృందం నియమం. తీసేస్తే దసరా చీరల పని పోతుంది. అంతకంటే, ఇన్నాళ్లూ గీసిన అంచులన్నీ ఎవరివో అయిపోతాయి.

“మామా, మూడే మాటలు. నమస్కారం, ఆడోళ్ల మాట వినుండ్రి, సెలవు. అంతే,” అని నేర్పింది. “నేను దగ్గుతా. వెంటనే ఆయన నెట్టు బంద్ చేస్తడు.” లక్ష్మణ్‌ను ఇంటర్నెట్ డబ్బా పక్కన నిలబెట్టింది. ఫోన్‌ను బియ్యం డబ్బా మీద ఆనించి, కుర్చీలో భీమయ్యను కూర్చోబెట్టి, తను కుర్చీ వెనక నేల మీద గొంతుకూర్చుంది.

సతీష్ పరిచయం చాలాసేపు సాగింది. భీమయ్య నమస్కారం పెట్టాడు. రెండో మాట కోసం నోరు తెరిచేసరికి ఆయన బటన్ ఫోన్ మోగింది. క్రాసింగ్‌కు కూలీ ఆడవాళ్లను తెచ్చే హన్మమ్మ ఫోన్ అది. చేలో చేతులు ఖాళీగా ఉండాలి గనుక ఫోన్‌ను తలరుమాలులో చెవి దగ్గర దోపుకుని మాట్లాడటం ఆయనకు అలవాటు. అట్లాగే దోపుకున్నాడు. చూసేవాళ్లకు రుమాలు తప్ప ఏమీ కనబడలేదు.

“ఆడోళ్లు ఎందుకొస్తలేరు?” అని భీమయ్య గట్టిగా అడిగాడు.

సతీష్ పెన్ను తీశాడు. సింధూజ దగ్గింది. లక్ష్మణ్ కదల్లేదు. తండ్రి ఇంత మందితో మాట్లాడటం అతను ఎప్పుడూ చూడలేదు. డబ్బా మీద చేయి పెట్టి నోరు తెరుచుకుని వింటున్నాడు. సింధూజ తానే చేయి చాపి ఫోన్ ఆపుదామంటే గాజులు కనబడతాయి.

“ఎందుకొస్తరు? నెత్తి మీద ఒక మొగోణ్ణి నిలబెడ్తిమి. వానికి పని తెల్వదు. గిట్ల కాదు గట్ల అని చెప్తుండు. వాణ్ణి తీసేస్తున్న.”

“నిజం సార్,” అన్నాడు సతీష్ రాసుకుంటూ. వక్తల్లో ఒకాయన తన కెమెరా ఆపేసుకున్నాడు.

“ఏందీ? ఏ ఊరు, ఎవరి కోడలివి అని అడుగుతుండా? వాని సంగతి నేను చూస్త.”

ఇంకో రెండు కెమెరాలు ఆగిపోయాయి.

“ఒక్కదాన్నే రమ్మంటే ఎట్ల వస్తది? నలుగురిని కలిపి పిలువు. కూసునెతందుకు నీడ చూపెట్టు. చాయ్ నేను తెస్త.”

“చాయ్ కూడా సారే తెస్తారట!” అంటూ సతీష్ దాని కింద రెండు గీతలు గీశాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పుడుకు లక్ష్మణ్ కూడా చప్పట్లు కొట్టాడు.

అప్పుడు ప్రభుదాసు ప్రశ్న వచ్చింది. ప్రభుదాసు అంటే బృందంలో అందరికీ హడల్. ఎవరి డిజైన్‌లో అయినా తప్పు పట్టుకుంటాడు. ఎప్పుడూ రాయడమే తప్ప మాట్లాడడు, మొహం చూపించడు. సతీష్ ఆ ప్రశ్నను చదివాడు. “మీ కొత్త అంచులో మూల తిరిగే చోట పువ్వు ఎక్కడా తెగలేదు. ఎట్లా కలిపారు?”

అప్పటికి హన్మమ్మ ఫోన్ పెట్టేసింది. పువ్వు అన్న మాట విని భీమయ్యకు ప్రాణం లేచివచ్చింది. “ఏముంది? మగపువ్వు తెంపి ఆడపువ్వు మీద రుద్దాలె.”

సతీష్ దాన్నీ రాసుకున్నాడు. ప్రభుదాసు మాత్రం, “ఇది జవాబు కాదు,” అని రాశాడు.

భీమయ్య వెనక్కి తిరిగి కిందికి చూశాడు. “సింధూ, ఇదేం పువ్వు బిడ్డా? నువ్వే చెప్పు. నాకు చేనుకు ఆలస్యమైతుంది,” అంటూ లేచి వెళ్లిపోయాడు. తెర మీద ఖాళీ కుర్చీ, దాని వెనక గొంతుకూర్చున్న సింధూజ మిగిలారు.

ఇక దాక్కోవడానికి చోటు లేదు. ఆమె లేచి కుర్చీలో కూర్చుంది. మూల నుంచి మొదలుపెట్టి రెండు వైపులా బయటికి గీసుకుంటూ పోతే పువ్వు తెగదని, చివర నుంచి మూలకు వస్తేనే తెగుతుందని చెప్పింది. ఆ వెంటనే అసలు సంగతీ చెప్పింది. “ఆ అంచు నాది. ఇన్ని రోజులు పెట్టినవన్ని నావే. ఫొటో మా మామది.”

సతీష్ పెన్ను పక్కన పెట్టాడు. “మేడమ్, మీరేమనుకోవద్దు. దొంగ పేరు ఉన్నోళ్లను తీసెయ్యాలె గదా, మన నియమం…”

ప్రభుదాసు ఫొటో మాయమైంది. ఆ చోట కళ్లద్దాలు పెట్టుకున్న నడివయసు స్త్రీ కనిపించింది. “అట్లయితే నన్ను గూడ తీసెయ్యి తమ్మీ. నా పేరు సుహాసిని. ప్రభుదాసు మా ఆయన. పాలకు పోయిండు.”

నాగర్‌కర్నూల్ సోమయ్య అనే తెల్లగడ్డం పెద్దాయన ఫొటో కూడా తొలగిపోయింది. తలకు నూనె పెట్టుకున్న ఒక అమ్మాయి చేయి ఊపింది. “నేను దీపికను అన్నా. సోమయ్య మా తాత.” ఆ తర్వాత మీసాలు, గడ్డాలు, టోపీలు ఒక్కొక్కటిగా తప్పుకోసాగాయి.

నియమం ప్రకారం పోతే బృందంలో ఎవరు మిగులుతారో సతీష్ మనసులో చూసుకున్నాడు. తను, గులాబీలాయన, కెమెరాలు ఆపేసుకున్న వక్తలు మిగిలారు.

“మరి ఆడోళ్లు లేరని నేను ఇంత పెద్ద మీటింగ్ పెట్టిన గదా!” అన్నాడు.

“ఉన్నం తమ్మీ,” అంది సుహాసిని. “నువ్వే మమ్మల్ని సార్ అంటున్నవు.”

ఆ సభ ముగిసేలోపు గులాబీలాయనను తీసేశారు. దొంగ పేర్ల నియమాన్ని పక్కన పెట్టి, సతీష్ రాసుకున్న మాటలను కొత్త నియమాలుగా పెట్టుకున్నారు. అవి పత్తి చేనుకు సంబంధించినవని సింధూజ చెప్పబోయింది. సుహాసిని వద్దని కళ్లతోనే వారించింది.

మధ్యాహ్నం భీమయ్య చేను నుంచి వచ్చాడు. అందరూ అన్నానికి కూర్చున్నారు. సింధూజ రొట్టె తుంచుతూ, గొంతు పెంచకుండానే చెప్పింది.

“బృందం నడిపే పనికి సుహాసినక్కతో పాటు నేను గూడ ఒప్పుకున్న. రేపటికెల్లి నా పేరు, నా ఫొటో ఉంటది. ఆదివారం పొద్దుగాల మీటింగ్ ఉంటది, వంట నాతోని కాదు.”

బాలనాగమ్మ కొడుకు వైపు చూసింది. “వింటివా? కూర ఎట్ల చెయ్యాలెనో శనివారం నేర్పిస్త.”

లక్ష్మణ్ తల ఊపాడు.

“అంటే నన్ను తీసేస్తవా బిడ్డా?” అన్నాడు భీమయ్య.

“తీసేస్త మామా.”

ఎంత పెద్ద డిజైనరైనా ఒకనాటికి రిటైర్ కాక తప్పదని భీమయ్య ఇంకో రొట్టె వేయించుకున్నాడు.