రేపటిదాకా దించరాని అద్దం

గోదావరి కరకట్ట అంచుదాకా వచ్చి, వాగుల్ని ఎగదన్ని, ఊళ్ళకు ఊళ్ళను బడి వరండాల పాలు చేసిన పెద్ద వరదకు మరుసటి ఏడాది అది. వానాకాలం. ఆ పొద్దున లచ్చయ్య పెట్టుకున్న పని చిన్నదే. పికప్ బండిలో ఉన్న పామాయిల్ గెలలు ఫ్యాక్టరీలో దింపాలి, అటునుంచి అటే సత్తుపల్లి పోయి బండి తలుపులకు వైజర్లు పెట్టించుకోవాలి, పొద్దుగూకకముందే ఇల్లు చేరాలి. వైజరంటే కిటికీ పైఅంచున ఇంటి చూరులా అతికే నల్లటి ప్లాస్టిక్ పట్టీ. అది ఉంటే జోరు వానలో కూడా అద్దం నాలుగు వేళ్ళు దించుకోవచ్చు. గాలి వస్తుంది, నీళ్ళు రావు.

ఇన్నేళ్ళు లేనివి ఇప్పుడెందుకంటే, అక్క కోసం.

వరదలో అక్క ఊరు మునిగిన నాడు లచ్చయ్యే బండి తీసుకుపోయి జంపక్కను మెరకకు చేర్చాడు. చేర్చాడు గానీ, ముందు సీట్లో సర్పంచి అత్తను కూర్చోబెట్టి, అక్కను వెనక ట్రాలీలో మేకల మధ్య ఎక్కించాడు. అద్దాలు మూసిన బండిలో జంపక్కకు ఊపిరాడదు, కడుపులో తిప్పుతుంది. ఆ వానలో అద్దం తెరిచే వీలు లేదు. అందుకని వెనక ఎక్కించాడు. ఆ ముక్క నోరు తెరిచి చెబితే సరిపోయేది. చెప్పలేదు. మాటల దగ్గర లచ్చయ్య పరమ పిసినారి. దారిలో ఒక మేక జంపక్క కొంగు సగం నమిలేసింది. మిగిలిన సగం చూపిస్తూ ఆమె కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పింది. “నా తోడబుట్టినోడు సర్పంచి అత్తకు సీటిచ్చి నన్ను మేకలల్ల కలిపిండు.” అప్పటినుంచి తమ్ముడితో మాట లేదు, తమ్ముడి బండి ఎక్కింది లేదు.

ఇప్పుడామె కుడికంటికి పొర వచ్చింది. రేపు భద్రాచలం దవాఖానాలో ఆపరేషన్. ఆమె కోడలు పుష్పలత ఆ వైపునుంచి, లచ్చయ్య భార్య వనజ ఈ వైపునుంచి పట్టుబట్టి ఆమెను మెత్తబరిచారు. “వస్త. గని ముందు సీట్ల కూసుంట,” అంది జంపక్క. “ట్రాలీ మాటెత్తితే గుడ్డిదాన్నయ్యి ఇంట్లనే పడుంట.”

సత్తుపల్లిలో బండ్లకు సామాన్లు బిగించే రూప్‌సింగ్ తన రేకుల షెడ్డు కింద బండి పెట్టించి, కిటికీ అంచులు తుడిచి, టేపు ఒలిచి రెండు వైజర్లూ అతికించాడు. అద్దాలు పైదాకా ఎత్తి అరచేత్తో ఒత్తాడు.

“పెద్దమనిషీ, ఒక్క మాట చెప్త ఇను. రేపు పొద్దున దాకా అద్దం దించకు. దించినవంటే టేపు ఊడి వస్తది. డోరు గూడ ధన్‌మని కొట్టకు.”

“అవ్,” అన్నాడు లచ్చయ్య.

వైద్యుడు చెప్పిన పథ్యాన్ని ఒకరోజు ఎక్కువే పాటించే మనిషి అతను. అద్దాలు బిగించుకుని బయలుదేరాడు. అడవి దారి పట్టేసరికి వాన అందుకుంది. లోపల ఆవిరి పట్టి అద్దాలు మసకబారాయి. తువ్వాలతో ఒకసారి అద్దం, ఒకసారి ముఖం తుడుచుకుంటూ, ఉడికే కుండలో ఉన్నట్టు కూర్చుని నడిపాడు.

అటవీ చెక్‌పోస్టు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టి, అద్దం దించమని సైగ చేశాడు. లచ్చయ్య లోపలినుంచి వేలు అడ్డంగా ఊపాడు. గార్డుకు అనుమానం వచ్చింది. దిగమన్నాడు. లచ్చయ్య పసిబిడ్డ ఊయల కదిలించినంత మెల్లగా తలుపు తీసి, అంతే మెల్లగా మూశాడు. గడియ పడలేదు. మళ్ళీ మూశాడు.

“ఏందయ్యా గంత మెల్లగ ఏస్తున్నవ్? లోపట ఎవలన్న పన్నరా?”

“లేరు.”

“టేకు దుంగలు ఉన్నయా?”

“లెవ్వు.”

“మరి అద్దం ఎందుకు దించవు?”

“రేపు దించుత.”

ఈ జవాబుతో ట్రాలీ మీది పట్టా మొత్తం విప్పించి చూశారు. పొద్దున దింపిన గెలల నుంచి రాలిన పండ్లు నాలుగు దొర్లాయి. పట్టా మళ్ళీ కట్టుకునేసరికి లచ్చయ్య తలనుంచి కాలిదాకా తడిశాడు.

ఆ దారిలో ఒక ఆచారం ఉంది. నడిచిపోయేవాడు చెయ్యెత్తితే బండి ఆగుతుంది, అద్దం దిగుతుంది, “ఏడికి?” అన్న మాట వినబడుతుంది. అద్దం దించకుండా పోయేది పెద్ద సార్ల కార్లే. తండా మలుపులో ఎరిగినవాడే, బిచ్యా, చెయ్యెత్తాడు. ఎక్కించుకుంటే దిగేటప్పుడు తలుపు ధన్‌మని కొడతాడు. బిచ్యా తలుపు వేస్తే గడ్డివాము కూలుతుందని పేరు. లచ్చయ్య లోపలినుంచి రెండు చేతులూ జోడించి దండం పెట్టి సాగిపోయాడు. దండం పెట్టి పోయేది ఓట్లప్పుడు కదా అని బిచ్యా నోరు తెరిచి నిలబడ్డాడు. వెనకే బస్సొస్తే తిట్టుకుంటూ ఎక్కాడు.

అదే సమయానికి, ఇంట్లో ఛార్జింగుకు పెట్టి లచ్చయ్య మరిచిపోయిన ఫోను మోగింది. పుష్పలత చేసింది. వనజ ఎత్తింది.

“చిన్నమ్మా, దవాఖానోల్లు ఇయ్యాల సాయంత్రమే రమ్మంటున్నరు. రేపు పొద్దున్నే ఆపరేషనట. చిన్నాయిన ఏడున్నడు?”

“గా దారినే వస్తుంటడు బిడ్డా. వదినెను తీస్కొని రోడ్డు మీద నిలబడు. చూస్తె ఆపడా ఏంది?”

అట్లా జంపక్క వానలో, కోడలు పట్టిన గొడుగు కింద, బట్టల సంచితో రోడ్డు పక్కన నిలబడింది. పికప్ కనబడింది. ఒక్క కన్నుతోనే తమ్ముడి బండిని పోల్చుకుని, వరద తరువాత మొదటిసారి, చెయ్యెత్తింది.

లచ్చయ్య చూశాడు. రేపు రావాల్సిన మనిషి ఇవాళ ఎందుకు నిలబడిందో తెలియదు. బండి నిదానించేసరికి వెనకనుంచి బస్సు హారన్ మోగించింది. రోడ్డు సన్నం, పక్కన బురద. కాస్త ముందుకు పోయి వెడల్పు చోట ఆపి దిగుదామనుకున్నాడు. వెనక బస్సుంది, అది పోనీ అని అక్కకు చెప్పాలి. అద్దం దించకూడదు. కాబట్టి మసక అద్దంలోంచి బొటనవేలు వెనక్కి చూపించి, ముందుకు కదిలాడు.

జంపక్క ఆ వేలు పోయిన వైపు చూసింది. అక్కడ ట్రాలీ ఉంది.

“చూస్తివా పుష్పా,” అంది. “ఎనక ఎక్కు అంటుండు.”

బస్సు ఆగింది. అత్తాకోడళ్ళు ఎక్కారు. లోపల బిచ్యా సిద్ధంగా ఉన్నాడు.

“పెద్దమ్మా, నీ తమ్ముడు బండికి ఏసీ పెట్టిచ్చిండు. సల్లదనం పోతదని అద్దం దించుతలేడు. నాకైతే దండం పెట్టిండు.”

“నీకు దండమన్న పెట్టిండు కొడుకా,” అంది జంపక్క.

వెడల్పు చోట ఆపిన లచ్చయ్యను బస్సు దాటుతోంది. కిటికీలో అక్క కనబడింది. ముఖం తిప్పుకుంది. అప్పుడతను పథ్యం మరిచాడు. గబగబా హ్యాండిల్ తిప్పి అద్దం దించాడు. “అక్కా” అనబోతే, వైజరు ఒక కొస ఊడి, వేలాడి, రోడ్డు మీద పడింది. బస్సు వెనక చక్రం దాని మీదుగా పోయింది. పిలుపు ఆ చప్పుడులో కలిసిపోయింది.

బస్సు వెంటే భద్రాచలం పోయాడు. దవాఖానా వరండాలో జంపక్క కళ్ళు మిరపపండ్లలా ఉన్నాయి. నర్సమ్మ బీపీ చూసి, మళ్ళీ చూసి, పుష్పలత మీద విసుక్కుంది. “గింత బీపీతోని, గింత ఏడ్సిన కళ్ళతోని రేపు ఆపరేషన్ ఎట్ల చేస్తరు? ఇంటికి తోల్కపో. వచ్చే నెల చూద్దాం.”

లచ్చయ్య దగ్గరికొచ్చాడు. చెప్పాల్సింది చాలా ఉంది. చెప్పాలంటే మేకల దగ్గరనుంచి మొదలుపెట్టాలి. గొంతులో ఉన్నది ఒక్క వాక్యమే.

“అక్కా, గవి నీకోసమే పెట్టిచ్చిన.”

“అద్దాలా?” అంది జంపక్క. “అవ్. నువ్వు నన్ను చూసేదాక తెరిచే ఉండెనేమో, చూసి మూసినవ్.”

చివరి బస్సు వెళ్ళిపోయింది. ఉన్నది పికప్ ఒక్కటే. లచ్చయ్య ఎడమ తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. జంపక్క ఆ తలుపు దాటి వెనక్కి నడిచింది. చక్రం మీద కాలుపెట్టి, పట్టా అంచు పట్టుకుని, ఆ వయసులో, ఆ కంటితో, ట్రాలీలోకి ఎక్కి కూర్చుంది.

“అత్తమ్మా, వాన వస్తుందే,” అంది పుష్పలత.

“నాకు చూపిచ్చిన జాగ ఇదే గద. నువ్వు ముందు కూసో. నిన్నెవలేం అనలే.”

లచ్చయ్య పట్టా ఆమె తలమీదికి లాగి, నాలుగు మూలలూ కట్టి, వచ్చి బండి తీశాడు. ఊడిపోయిన వైపు అద్దం దించే ఉంచాడు. వానంతా అతని ఒళ్ళో పడింది. పుష్పలత తన వైపు అద్దం నాలుగు వేళ్ళు దించింది. ఆపే ఓపిక అతనికి లేదు. ఆ వైపు వైజరు మాత్రం బిగిసి నిలబడింది.

“చిన్నాయినా, మంచిగున్నదే ఇది,” అంది పిల్ల. “గాలి వస్తుంది గని ఒక్క సుక్క పడ్తలేదు.”

దారిలో ఒక టీకొట్టు ముందు, బస్సు దిగి ఆగిన బిచ్యా ఇంకా ఏసీ సంగతే చెబుతున్నాడు. పికప్ పోతుంటే పట్టా కింద జంపక్క ముఖం అందరికీ కనబడింది.

“నేను చెప్పలె?” అన్నాడు బిచ్యా.

మరునాడు పొద్దున లచ్చయ్య బండి తీయలేదు. చెప్పాల్సిన మాటలు దారిపొడుగునా కూడగట్టుకోవాలని, అక్క ఊరికి బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు దొరికింది. దానికి అద్దం లేదు.