చిల్లు తొట్టి లెక్క

రామలింగప్ప ఆ ఉదయం తలపెట్టినది చాలా చిన్న పని. వీధి కుళాయికి నీళ్లు వచ్చే వేళకు మనుమరాలు చంద్రకు ఒక లెక్క అర్థమయ్యేట్టు చేయాలి. ఆ తరువాత తీరిగ్గా కాఫీ తాగాలి.

ఆయన తల నెరిసేదాకా కోడుమూరులో దస్తావేజులు రాసిన మనిషి. చనిపోయాడని రాయించిన అన్న సంతకాల వేళకు గుమ్మంలో వచ్చి నిలబడటమూ, తూర్పు హద్దని చూపిన వంక పడమట పారుతూ ఉండటమూ కళ్లారా చూసినవాడు కనుక, ఏ వాక్యాన్నీ ఆయన మొదటి చదువులో నమ్మడు. గోడ క్యాలెండరులో మంగళవారమని ఉంటే పక్కింటి క్యాలెండరును కూడా విచారించి గాని ఆ రోజును మంగళవారంగా అంగీకరించడు.

చంద్ర ఐదో తరగతి. ఆదివారం నాడు గురుకుల పాఠశాల ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ సీటు వస్తే పిల్ల చదువుకు దిగులుండదని తల్లి శివజ్యోతి మగ్గం గుంటలో కూర్చున్నా అదే ధ్యాసగా ఉంటోంది. కూడికలూ భాగహారాలూ పిల్లకు మంచినీళ్లప్రాయం. ఒక్క రకం లెక్క దగ్గర మాత్రం పెన్సిలు కింద పెట్టేస్తుంది. రెండు వందల లీటర్ల తొట్టిలోకి కుళాయి ద్వారా నిమిషానికి పది లీటర్ల నీరు వచ్చును. అడుగున గల చిల్లు ద్వారా నిమిషానికి రెండు లీటర్లు పోవును. ఖాళీ తొట్టి ఎంతసేపటికి నిండును?

"ముందు చిల్లు మూయాల కదా తాతా. మూయకుండా నీళ్లు పడతారా ఎవురైనా?" అన్నది చంద్ర.

నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధిలో, బియ్యం కడిగిన నీళ్లు కూడా కరివేపాకు చెట్టుకు చేరే ఇంట్లో పుట్టిన పిల్ల మరోలా ఎలా అడుగుతుంది? తాత సందేహం తీర్చడానికి బదులు పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"నాకూ అదే అనుమానంగా ఉండాది. చిల్లు ఉండాదని తెలిసీ మూయలేదంటే ఆ తొట్టి వానిది కాదు. లేదా ఆ నీళ్లు వానివి కావు."

ఆ విధంగా తాతా మనుమరాలూ లెక్కను పక్కకు నెట్టి, తొట్టి యజమాని నడవడి మీద సుదీర్ఘ విచారణ సాగించారు. చివరికి శివజ్యోతికే ఓపిక నశించింది. "మామా, ఆ మనిషి ఎట్లాంటోడని పరీక్షలో అడగరు. ఎంతసేపని అడుగుతారు. చేసి చూపీ, పిల్లకు తెలుస్తాది," అన్నది.

చేసి చూపడమంటే రామలింగప్ప దృష్టిలో చేసి చూపడమే. పెరట్లోని పాత డ్రమ్ముకు అడుగున మేకుతో చిల్లు కొట్టి, వీధి కుళాయి దగ్గరకు దొర్లించుకుపోయాడు. తన వంతు రాగానే దానిని ధార కింద నిలబెట్టి, చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. చంద్రను పలక తెమ్మని ఇంట్లోకి పంపాడు.

నీళ్లు పైనుంచి పడుతున్నాయి. కింది నుంచి పోతున్నాయి. రామలింగప్ప కదలకుండా చూస్తున్నాడు.

ఆయనకు ముందే తన వంతు పట్టుకున్న భీమక్క రెండు నిండు బిందెలతో అక్కడే ఆగిపోయింది. చొక్కా జేబుకు చిల్లు పడితే వీధంతా వెతికే రామలింగప్ప, కాళ్ల కిందనే నీళ్లు మట్టిపాలవుతుంటే చలనం లేకుండా నిలబడటం ఆమెకు శుభసూచకంగా తోచలేదు.

"ఏం చేస్తాండావప్పా?"

నిజం చెప్పవచ్చు. కాని భీమక్కకూ ఐదో తరగతి చదివే మనుమరాలుంది. పరీక్ష సంగతి బయట పడితే దిష్టి తగలవచ్చు, పోటీ పెరగవచ్చు, రెండూ జరగవచ్చు.

"నీళ్లు చూస్తాండా."

"నీళ్లలో ఏముండాది?"

"అది చెప్పేది కాదులే, భీమక్కా."

దస్తావేజులు రాసినవాడికి ఊళ్లో ఏ సంగతైనా ముందే తెలుస్తుందని భీమక్క నమ్మకం. అటువంటివాడు నీళ్లను వదిలేస్తున్నాడంటే అవి వదిలేయవలసిన నీళ్లే అయి ఉండాలి. బిందెలోకి వంగి వాసన చూసింది. మొన్నటిదాకా లేని వాసన ఏదో ఉన్నట్టే అనిపించింది. గుండె రాయి చేసుకుని రెండు బిందెలూ కాలువలో కుమ్మరించింది.

ఎదురింటి ఉరుకుందమ్మ అది చూసింది. భీమక్క నీళ్లు పారబోయడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కారణం అడగకుండానే తన బిందె వంచింది. అక్కడి నుంచి ఆ వార్త ఇంటింటికీ ఎదుగుతూ పోయింది. ఒక గడపలో ట్యాంకులో బల్లి పడిందన్నారు. తరువాతి గడపకు అది పాము అయింది. వీధి చివరకు చేరేసరికి ఎవరో కావాలనే మందు కలిపారని, వాళ్లెవరో కూడా తెలుసునని అన్నారు. మగ్గాల చప్పుళ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బిందెలు, బకెట్లు, అండాలు వరసగా ఖాళీ అయ్యాయి.

రామలింగప్ప గడియారం మీది నుంచి తల ఎత్తేసరికి వీధి పొడవునా నీళ్లు పారుతున్నాయి. ఈ ఆడవాళ్లు చుక్క కూడా వృథా చేయరు. అందరూ ఒక్కసారే పారబోస్తున్నారంటే అందరికీ ఏదో తెలిసింది, తనకొక్కడికే చెప్పలేదు.

"ఏంటికి పారబోస్తాండారు, భీమక్కా?"

తనకు చెప్పకుండా దాచిన మనిషి మీద భీమక్కకు కోపం ఇంకా తగ్గలేదు. "నీకు తెల్దా? మమ్మల్ని అడుగుతాండావు," అని ముఖం తిప్పుకున్నది.

దానితో ఆయన అనుమానం రూఢి అయింది. డ్రమ్మును అక్కడే వదిలి ఇంట్లోకి పరుగెత్తి, తొట్టిలోని నీళ్లు, కుండలోని నీళ్లు, చివరకు పొయ్యి మీద కాఫీకి కాగుతున్న నీళ్లు కూడా పారబోయించాడు.

"ఎవురు చెప్పినారు మామా, నీళ్లు మంచివి కావని?" అని శివజ్యోతి అడిగింది.

"ఎవురూ చెప్పలేదు. అందుకే అనుమానం."

ఇంతలో వాల్వు తిప్పే గిడ్డయ్య, కాలువ పొంగి పారడం చూసి గొట్టం పగిలిందని నిశ్చయించుకుని వాల్వు కట్టేశాడు. తరువాత సైకిలు మీద వీధిలోకి వచ్చి చూస్తే గొట్టం నిక్షేపంగా ఉంది. వీధిలో బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి. విచారణ మొదలుపెట్టాడు. వీధి చివరివాళ్లు ఉరుకుందమ్మను చూపారు. ఉరుకుందమ్మ భీమక్కను చూపింది. భీమక్క రామలింగప్పను చూపింది. రామలింగప్ప తడుముకోకుండా భీమక్కనే చూపాడు.

గిడ్డయ్య డ్రమ్ములో మిగిలిన నీళ్లు దోసిలితో తాగి, కాసేపు తన ఆరోగ్యాన్ని తానే గమనించుకుని, "నీళ్లు బాగుండాయి. మనుషులకే ఏదో అయ్యిండాది," అన్నాడు. అయినా ఇన్ని నోళ్లలో మాట పడ్డాక, పైవాళ్లు వచ్చి పరీక్ష చేసేదాకా వాల్వు తిప్పనని కూడా తేల్చేశాడు.

వీధి మొత్తం రామలింగప్ప చుట్టూ చేరింది. ఇక దాచి లాభం లేదనుకుని ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. అది లెక్క అన్నాడు. ఐదో తరగతి లెక్క అన్నాడు. చిల్లు తానే కొట్టానన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన ఏ షరతూ పెట్టకుండా నిజం చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు.

"అబద్ధమైనా అతికినట్టుండాల, రామలింగప్పా. లెక్క కోసరమని నీళ్లు పారబోస్తారా యాడన్నా?" అన్నది భీమక్క.

ఎదుటివాడు నమ్మనప్పుడు ఎలా ఉంటుందో ఆయనకు ఆ క్షణం దాకా తెలియదు. తన దగ్గర సాక్షి ఒక్కతే ఉంది. పలక పట్టుకుని అరుగు మీద నిలబడిన చంద్రను పిలిచాడు. పిల్ల ఆ లెక్క చేస్తే అది లెక్క అని రుజువవుతుంది. చేయలేకపోతే నీళ్లూ పోతాయి, తన మాటా పోతుంది. ఆదివారం పరీక్ష ఏమవుతుందోనన్న దిగులు గుమ్మంలో నిలబడిన శివజ్యోతి ముఖంలోనే కనిపిస్తోంది.

చంద్ర పలక వంక చూడలేదు. తడిసిన వీధిని, ఖాళీ బిందెలను, వాటి వెనుక నిలబడిన పెద్దవాళ్లను చూసింది.

"ఆ తొట్టి మనిషికి నీళ్ల మీద ఏదో అనుమానం తాతా. అందుకే పోతాంటే పోనిచ్చినాడు," అన్నది. ఆ చిక్కు వీడగానే మిగతాది తనంతట తానే వచ్చింది. "పది వస్తాది, రెండు పోతాది, ఎనిమిది నిలుస్తాది. ఇరవై అయిదు నిమిషాలకు నిండుతాది."

గిడ్డయ్య పెదవులు కదుపుతూ లెక్క సరిచూసి తల ఊపాడు. భీమక్క నోటి మీద చేయి వేసుకుని, "అయితే నిజంగా లెక్కేనా?" అని గొణిగింది. ఆ డ్రమ్మును ముందు అక్కడి నుంచి తీసేయాలనే ఒప్పందం మీద గిడ్డయ్య మళ్లీ నీళ్లు వదిలాడు.

ఆదివారం పరీక్షలో చిల్లు తొట్టి లెక్క వచ్చింది. చంద్ర దానిని తప్పు లేకుండా చేసింది. తరువాత సీటు కూడా వచ్చింది.

తమ వీధి సంగతిని పరీక్ష పెట్టినవాళ్లకు ఎవరు చేరవేశారా అని రామలింగప్ప ఇప్పటికీ ఆరా తీస్తూనే ఉన్నాడు.