పరిపక్వ దాణా

ప్రభుత్వ గోడౌన్లలో దాణా పాడవదనీ, పరిపక్వమవుతుందనీ పశుసంపద శాఖ మంత్రిగారు విలేకరులను పిలిచి ప్రకటించారు. "పండు ముగ్గితే తీపెక్కుతుంది. దాణా మాత్రం ఏం పాపం చేసింది?" అన్నారు. విలేకరులు రాసుకున్నారు. నేను ఆ శాఖ ఫోటోగ్రాఫర్‌ని కాబట్టి ఫ్లాష్ కొట్టాను. అంత గొప్ప సత్యం పుట్టిన గదిలో నేనూ ఉన్నానని ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఆ దాణా చరిత్ర కొంచెం చెప్పాలి. వానలు మొహం చాటేసి, గడ్డి దొరక్క పశువులు బక్కచిక్కిపోతున్నప్పుడు ఇంటింటికీ ఉచితంగా పంచడానికి కొన్న దాణా అది. సంచి మీద మంత్రిగారి ఫోటో ఉండాలన్నది మా శాఖ నియమం. సంచులు అచ్చయి వచ్చేసరికి మంత్రి మారారు. దాణా అంతా కొత్త సంచుల్లోకి మార్చాం. తీరా పంచబోయేముందు కొత్త మంత్రిగారు మీసం తీసేశారు. సంచికి మీసం ఉండి మనిషికి లేకపోతే, దాణా ఎవరిచ్చారో తెలియక జనం అయోమయంలో పడరూ? మళ్లీ ఫోటో తీశాను, మళ్లీ సంచులు మార్చారు. ఈలోగా దాణాకి వయసు మీద పడింది. దాణా పాతదైతే సర్దుకోవచ్చు గానీ ఫోటో పాతది కాకూడదని మా మంత్రిగారి సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం మా వదినకి మాత్రం తలకెక్కలేదు. అన్నయ్య పోయాక ఆవిడ ఇల్లు నడుస్తున్నది ఒక్క గేదె మీద. అది కాస్తా డొక్కలు ఎండగట్టుకుని పాలు తగ్గించేసింది.

"ఏం మరిదీ, మీ గోడౌన్ తలుపులు ఎప్పుడు తీస్తారు?" అని కనిపించినప్పుడల్లా అడిగేది.

"ఫోటో బాగా వచ్చింది వదినా. ఇంక ఆలస్యం లేదు."

"అది పూర్తిగా వట్టిపోయాక ఏం చెయ్యను? మీ ఫోటో పితుక్కోనా?"

పంచేముందు నాణ్యత చూసి రమ్మని పశువైద్యాధికారిని గోడౌన్‌కి పంపారు. ఆయన ముక్కుకి రుమాలు కట్టుకుని వెళ్లాడు. తిరిగొచ్చి, మంత్రిగారి గదిలో నిలబడి నీళ్లు నమిలాడు.

"గడ్డలు కట్టింది సార్. ముక్కిపోయిన వాసన వస్తోంది. పురుగులు కూడా ఉన్నాయి."

"పురుగులు ఎలా ఉన్నాయి?"

"లావుగా ఉన్నాయి సార్."

"పురుగుకి ఒంటబట్టింది గేదెకి ఒంటబట్టదా?"

"విటమిన్లు కూడా పోయుంటాయి సార్. ఎక్కువ కాలం నిల్వ ఉంచితే పోతాయి."

"ఎలా పోతాయయ్యా, తాళం వేసుంటే? కాపలావాణ్ణి సస్పెండ్ చెయ్యండి."

"బూజు పట్టింది సార్. అందులో విషం ఉంటుంది. తిన్న పశువు చచ్చినా చావొచ్చు."

మంత్రిగారు చాలాసేపు ఆలోచించారు. పశువుల ప్రాణం విషయంలో ఆయన తొందరపడే మనిషి కాదు. "అయితే జనం ముందు ఒక గేదె చేత తినిపిద్దాం. ఫోటో పడితే అనుమానాలన్నీ పోతాయి" అన్నారు. కాపలావాడు ఆ సాయంత్రమే సస్పెండయ్యాడు. విటమిన్ల భద్రత కోసం ఇంత కఠినంగా వ్యవహరించిన మంత్రిని నేను చూడలేదు.

తినే గేదె యజమానికి మొదటి సంచులు ఇస్తారని తెలిసి మా వదిన ముందుకొచ్చింది. బూజు సంగతి దాచకుండా చెప్పేశాను.

"తోలుకొస్తా. తింటుందో లేదో అదే చెబుతుంది," అంది వదిన. "మీ ఆఫీసులో ఎవరికీ లేని ముక్కు దానికుంది."

సభ గోడౌన్ ముందే పెట్టారు. వదిన గేదెని తోమి, కొమ్ములకి నూనె రాసి తీసుకొచ్చింది. మంత్రిగారు సంచి కోసి, తన చేత్తో తొట్టిలో దాణా పోశారు. గేదె వంగి వాసన చూసింది. బుస్సుమని చీది, మొహం తిప్పుకుని మంత్రిగారి వైపు చూసింది. ఆ చూపు నేను కెమెరాలోంచి చూశాను. తీయడానికి ధైర్యం చాలలేదు.

"సిగ్గుపడుతోంది," అన్నారు మంత్రిగారు మైకులో.

పి.ఎ. గారికి సమయస్ఫూర్తి ఎక్కువ. సభ వెనకాల మంత్రిగారి సొంత డెయిరీ వ్యాను ఆగి ఉంది. అందులోంచి ఒక బుట్ట తెప్పించి, తొట్టిలోదంతా తీయించి అది పోయించారు. కమ్మటి వాసన సభంతా కమ్ముకుంది. గేదె తొట్టిలో తల దూర్చి మళ్లీ ఎత్తలేదు. పక్కన మంత్రిగారు దాని వీపు మీద చెయ్యి వేసి నవ్వారు. అంత మంచి ఫోటో నా సర్వీసులో పడలేదు.

పరిపక్వ దాణాని పశువులు ఎంత ఇష్టంగా తింటాయో కళ్లారా చూశారు కదా అని మంత్రిగారు ప్రసంగించారు. అంతటితో ఆగలేదు. పేదల కోసం ఉద్దేశించిన ఈ దాణాలో ఒక్క గింజ కూడా తన పశువులు ముట్టవని అందరి ముందూ ప్రమాణం చేశారు. ఆ త్యాగానికి జనం చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక వదిన తొట్టిలో మిగిలింది కొంగులోకి ఎత్తుకోబోయింది. పి.ఎ. గారు పరుగెత్తుకొచ్చారు.

"అది ముట్టుకోకమ్మా. అది మంచి దాణా."

వ్యాను డ్రైవర్ వచ్చి తొట్టి తుడిచి మరీ పట్టుకుపోయాడు.

"మరి నా సంచులో?" అంది వదిన.

"ఇవాళ పడ్డ ఫోటో సార్‌కి తెగ నచ్చింది. అదే సంచుల మీద వేయించమన్నారు. కొత్త సంచులు రాగానే మొదటిది నీకే."

గోడౌన్‌కి మళ్లీ తాళం పడింది. దారంతా గేదె ఉండి ఉండి వెనక్కి తిరిగి, వ్యాను వెళ్లిన వైపు చూస్తోంది. ఇల్లు చేరాక వదిన దాన్ని ఖాళీ తొట్టి దగ్గర కట్టేసి అడిగింది.

"ఫోటో బాగా పడిందా మరిదీ?"

"చాలా బాగా పడింది వదినా."

"తింటూనే పడిందిగా?"

"తింటూనే."

"అయితే నాకొకటి పెద్దది చేయించి పెట్టు. తొట్టి ఎదురుగా తగిలిస్తా. ఆకలేసినప్పుడు చూసుకుంటుంది."