హోర్టెన్సియా పచ్చనీళ్ళు

ఆ మంగళవారం ఉదయం డాన్ అబెలీనో పాంతా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, కిటికీ గట్టు మీది సీసా చంకన పెట్టుకోవాలి, పైతా రేవు చివరనున్న సముద్ర పరిశోధనశాలకు నడిచివెళ్ళి దాన్ని అప్పగించాలి. అంతే.

సీసాలో ఉన్నవి పచ్చటి ఉప్పునీళ్ళు. ఆ పచ్చదనమంతా కంటికి ఆనని నాచు కణాలు. ఆయన భార్య హోర్టెన్సియా ఆ పరిశోధనశాలలోనే పనిచేసేది. ఒకప్పుడు సముద్రం వేడెక్కి, చేపలు పోయి, పెలికాన్లు బజారులో మనుషుల వెంటపడి అడుక్కుతిన్న ఏడాది వచ్చింది. ఆ తర్వాత ఒకరోజు అడుగు నుంచి చల్లటి నీరు మళ్ళీ పైకి ఉబికి రేవంతా పచ్చబడింది. ఆరోజు ఆమె పరుగున వెళ్ళి ముంచి తెచ్చిన నీటిలోంచి వేరుచేసి పెంచిన వంశం ఇది. వారం వారం కొత్త నీళ్ళలోకి మార్చి కాపాడుకుంటూ వచ్చింది. ఆమె పోయాక ఆ పని ఆయన చేస్తున్నాడు. కాలేజీలో జీవశాస్త్రం చెప్పినవాడు కనుక కష్టమనిపించలేదు. ఇంట్లో తనతోపాటు ప్రాణమున్నది మరొకటి ఉండడం కూడా మంచిదేననిపించింది.

ఇదే నాచులో పరిశోధనశాల దగ్గర ఉంచిన వాటా మొన్న పోయింది. ఈ నాచును ఎంత వేగంగా మేస్తాయో లెక్క తేల్చడానికి వలవేసి పట్టుకొచ్చిన జీవులు, ఆవగింజంత రొయ్యల్లాంటివి, ఎలాగో నాచు తొట్టిలోకే జారాయి. లెక్కతో పనిలేకుండా మొత్తం మేసి, నీళ్ళను అద్దంలా చేసిపెట్టాయి. ఇక లోకంలో మిగిలింది ఈ సీసా ఒక్కటే.

"ప్రయాణానికి ముందు దానికి కాస్త ఎండ చూపించాలి" అనేది హోర్టెన్సియా. అందుకే దాన్ని గట్టు మీద ఉంచి, ఆయన ఇస్త్రీకి లోపలికి వెళ్ళాడు.

ఆ గట్టు ఆయన ఒక్కడిదే కాదు. వీధి మొగలో ఎమోలియెంతే బండి నడిపే దోన్యా కసిల్దా, బండి మీద చోటు చాలనివన్నీ అక్కడే పెడుతుంది. బార్లీ, అవిసెగింజలు కాచిన ఆ వేడి కషాయంలో పచ్చి అల్ఫాల్ఫా ఆకు రసం పోసుకుని తాగితే గాని ఆ వీధికి తెల్లవారదు. ఆ ఆకు రసం సీసా కూడా గట్టు మీదే ఉంది. రెండూ పచ్చనివే. సీసాలూ ఒకే రకానివి. పరిశోధనశాలవాళ్ళు పారేయబోతే, ఉపయోగపడతాయని కసిల్దాకు తెచ్చి ఇచ్చింది హోర్టెన్సియాయే.

కసిల్దా వచ్చి ఒక సీసా తీసుకుపోయింది. డాన్ అబెలీనో బయటికి వచ్చి రెండోది తీసుకున్నాడు.

పరిశోధనశాలలో డాక్టర్ నెలిడా చుంగా ఆ నీటిచుక్కను సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూసింది. ఆమె కాలేజీలో ఆయన దగ్గర చదువుకుంది, హోర్టెన్సియా దగ్గర పని నేర్చుకుంది. తలెత్తి మెల్లగా అంది: "మాస్టారూ, కూర్చోండి."

"నిలబడగలనమ్మా. నడిచే వచ్చాను."

"కాదు, కూర్చోండి. నిద్ర బాగా పడుతోందా? భోజనం వేళకు చేస్తున్నారా?"

"అదేం ప్రశ్న? కణాలెలా ఉన్నాయో చెప్పు."

"కణాలు లేవు మాస్టారూ. ఆకు తునకలున్నాయి." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "ఒక నిమ్మగింజ కూడా ఉంది. మీరేం బాధపడకండి. మనసులో దుఃఖం ఉన్నప్పుడు ఏ నీళ్ళు మారుస్తున్నామో ఎవరికి తెలుస్తుంది?"

ఆయన సీసా మూత తీసి వాసన చూశాడు. మరుక్షణం "కసిల్దా!" అని కేకపెట్టి తలుపు దాటాడు.

"ఈ కసిల్దా ఎవరు?" అనుకుంటూ, ఇది చిన్న జబ్బు కాదని నిశ్చయించుకుని, నెలిడా ఆయన వెంటపడింది.

బండి చుట్టూ రోజూ ఉండే గుంపే. మోటారు రిక్షా నడిపే హువెనాల్ గ్లాసు అడుగు దాకా నాకుతున్నాడు.

"ఇవాళ ఉప్పు తగిలించావేంటి కసిల్దక్కా? భలే ఉంది. రాత్రి తాగిందంతా దిగిపోయింది!"

"నేనేం వేయలేదురా. నీ నాలుకకే ఉప్పు పట్టుంటుంది."

"ఆపండి! తాగకండి!" డాన్ అబెలీనో రొప్పుతూ వచ్చిపడ్డాడు. "అందులో నా హోర్టెన్సియా ఉంది!"

హువెనాల్ గ్లాసును రెండు చేతులా బండి మీద పెట్టి, నెత్తి మీది టోపీ తీశాడు.

"అంటే... ఆమె బూడిదా, మాస్టారూ?"

"బూడిదేంట్రా! శవపేటిక మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను" అన్నాడొక ముసలి జాలరి. కానీ ఆయనా శిలువ గుర్తు వేసుకున్నాడు.

"అయ్యో తల్లీ, కాగే కుండలో పోశానే నిన్ను!" అని కసిల్దా కొంగు లేని భుజానికి ముఖం తుడుచుకుంటూ ఏడుపు అందుకుంది. ఎవరో జపమాల తీశారు. ఇంకెవరో ఫాదరును పిలవడానికి పరుగెత్తారు.

"భయమేం లేదు" అన్నాడు హువెనాల్, కడుపు మీద చెయ్యి వేసుకుని. "ఆవిడ బతికుండగా ఎవరికీ అపకారం చేసింది కాదు. ఇప్పుడు మాత్రం ఏం చేస్తుంది?"

డాన్ అబెలీనోకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బండి చక్రం పక్కన కూలబడ్డాడు. "బూడిద కాదర్రా, నాచు. ఆవిడ పెంచిన నాచు. పోయినా ఇన్నాళ్ళూ పెరుగుతూనే ఉంది. ఇవాళ మీరంతా మేసేశారు."

అప్పటికి నెలిడాకు విషయమంతా అర్థమైంది. కాగే కుండలోకి చూసి పెదవి విరిచింది. తర్వాత చటుక్కున తిరిగింది.

"అమ్మా, సీసా ఏది? కడిగేశారా?"

కసిల్దా తల దించుకుంది. రోజూ సీసాలు మూడుసార్లు కడుగుతానని ఊరంతా చెప్పుకునే మనిషి. "నాలుగు రోజులుగా కుళాయి రావట్లేదు కదమ్మా. పొద్దున్నే వంపి... అలాగే పెట్టేశాను."

బండి కింద నుంచి తీసిన సీసా అడుగున, గాజుకు అంటుకుని, సన్నటి పచ్చటి తడి ఉంది.

"చాలు మాస్టారూ" అంది నెలిడా. "అసలు మేడమ్ మొదలుపెట్టింది ఇంతకన్నా తక్కువతోనే కదా!"

నీళ్ళు వదలని వాళ్ళను నాలుగు రోజులుగా తిడుతున్న నోళ్ళన్నీ మూతపడ్డాయి. జపమాల తీసినావిడ దాన్ని ఆపకుండా, కృతజ్ఞతగా పూర్తిచేసింది. సీసాను హువెనాల్ రిక్షాలో, డాన్ అబెలీనో ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికూతురిని తీసుకెళ్ళినంత నెమ్మదిగా పరిశోధనశాలకు తీసుకెళ్ళారు. తర్వాతి వారానికి కొత్త పాత్రలో నీళ్ళు లేత పచ్చగా తిరిగాయి. ఆకలితో ఉన్న జీవులను మాత్రం నెలిడా వేరే గదిలో ఉంచి తాళం వేసింది.

బండి దగ్గర మాత్రం, ఆ మంగళవారం గడిచిన మర్నాడే, వీధిలో తెల్లవారినప్పటి నుంచి గ్లాసు అందుకున్న ప్రతివాడూ, ఇవాళ దీంట్లో రుచే లేదని కసిల్దాను సాధించడం మొదలుపెట్టాడు.